కంచు పంకాతో కళింగపట్నం దాకా

తీర్థానికి పోయినవాడు ప్రసాదం తెస్తాడు, పెళ్ళికి పోయినవాడు లడ్లు తెస్తాడు. నేను కళింగపట్నం పోయి అరచేతుల నిండా బొబ్బలు, సంచీ నిండా ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చాను. మా కాకినాడలో చాలామందికి విశాఖపట్నం దాటితే ఇక ఊళ్ళే లేవని గట్టి నమ్మకం. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను పడవలు కట్టే కార్ఖానాలో నక్షాలు గీస్తాను. ఇంజను పడవకు వెనక నీళ్ళలో తిరిగే మూడు రెక్కల మర ఒకటి ఉంటుంది, పడవను తోసేది అదే. పుస్తకాల్లో ప్రొపెల్లర్ అంటారు, రేవులో పంకా అంటారు. నేనూ పంకా అనే అంటాను. పంకాల సంగతి నాకు తెలిసినంతగా మా జిల్లాలో ఇంకొకడికి తెలియదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, అడిగితే మా వాళ్ళూ ఒప్పుకుంటారు, కాస్త విసుక్కుంటూనైనా.

కిందటి వేసవిలో గురువులు అనే ఆయన మా గేటు దగ్గర వచ్చి కూర్చున్నాడు. కళింగపట్నంలో వల వేసుకుని బతికే మనిషి. అంతకు ముందు ఏడే మా దగ్గర చిన్న ఇంజను పడవ కట్టించుకున్నాడు. వాళ్ళ ఊరి దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఏటి నీళ్ళన్నీ ఆ ఇరుకులోంచి బయటికి దూకుతాయి. తెరచాప పడవలు లోపలికి రాలేక, మళ్ళీ పోటు వచ్చేదాకా చేపలతో ఎండలో పడి ఉంటాయి. మా ఇంజను పడవ కూడా వాటి పక్కనే పడి ఉంటోందట.

"ఆడి పడవా ఆగింది, నా పడవా ఆగింది. ఆడికి గాలి ఊరికే వస్తాది, నాకు డీజిలు ఊరికే రాదు కదా బాబూ. ఈ పాలి మీరేటీ సెయ్యకపోతే పడవమ్మీసి ఒరిస్సాలో పరదీపు పోతాను. అక్కడ ఒకడి కింద కూలికి వలలాగుతాను" అన్నాడు.

మా మేనేజరు గారు పడవలో లోపం లేదన్నారు. "పడవలో లేదండీ, పంకాలో ఉంది" అన్నాను నేను. అంత తెలిసినవాడివి సెలవు మీద పోయి మార్చి చూపించు అన్నారాయన. నోరు జారినందుకు నేనేమీ బాధపడలేదు. కొత్త పంకా నక్షా అప్పటికే నా బల్ల సొరుగులో ఉంది.

చిన్న అట్టముక్కతో గబగబా విసురుకుంటే చేయి నొప్పి పుడుతుంది గాని గాలి రాదు. తాటాకు విసనకర్ర నింపాదిగా ఊపితే ఒళ్ళంతా చల్లబడుతుంది. నా పంకా కూడా అంతే. పాతదాని కంటే వెడల్పు, అంచులు పల్చన, మొదలు నుంచి కొస దాకా మెలి మారుతూ పోతుంది, తిరగడం మాత్రం నెమ్మది. దానికి తగ్గ పళ్ళచక్రాలు పెట్టెలో పెట్టుకుని, వానలు తగ్గుముఖం పట్టాక రైలెక్కాను.

బొబ్బిలి

కంచు పోయాలంటే ముందు చెక్కలో అచ్చు కావాలి. మా కార్ఖానా వడ్రంగులు పడవ దూలాలు చెక్కిన చేతులతో పంకా చెక్కితే రెక్క రోకలిబండలా వస్తుంది. పల్చగా, మెలి తిరిగేలా చెక్కాలంటే వీణలు చేసేవాళ్ళే తగినవాళ్ళని నాకు తోచింది. నక్షా ముందే అక్కడ వీణలు చేసే అచ్చన్న గారికి పంపాను. విజయనగరంలో బండి మారి బొబ్బిలి చేరేసరికి అచ్చన్న గారి అరుగు మీద నా అచ్చు సిద్ధంగా ఉంది, రెండు సగం చెక్కిన వీణల మధ్య.

అచ్చన్న గారు పనసచెక్క తప్ప వేరే చెక్క ముట్టని మనిషి. "తంతుల్లేవు, మెట్లు లేవు, ఇదేటి వాయిద్యం బాబూ?" అని అడిగాడు. నీళ్ళలో వాయిస్తారని చెప్పాను. నేను కొలబద్ద తీసి రెక్కల మందం కొలుస్తుంటే, ఆయన గోటితో ఒక్కో రెక్కా తట్టి చెవి పెట్టి విన్నాడు. "మూడూ ఒకలాగే పలుకుతన్నాయి" అన్నాడు. మూడూ ఒకేలా ఉన్నాయని నా కొలబద్దా చెప్పింది. ఎవరి పరీక్ష వాళ్ళకు గొప్పగా అనిపించి ఇద్దరం సంతోషించాం.

భోజనం అక్కడే పెట్టారు. ఆ ప్రాంతంలో బెల్లం సంగతి ముందే చెప్పి ఉంచడం నా ధర్మం. పప్పులో బెల్లం, పులుసులో బెల్లం, గుమ్మడికాయ కూరలోనైతే చెప్పనే అక్కర్లేదు. మా వైపు ఆవకాయతో నోరు కాల్చుకున్న నాలుకకు మొదటి పూట వింతగా ఉంటుంది. రెండో పూటకు నేనే మారు అడిగాను.

రాజాం బస్సులో

బొబ్బిలి నుంచి రాజాం మీదుగా పోయే బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లోకి తిప్పి పెట్టుకుని పొగ పీల్చడం మొదలుపెట్టింది. దీన్ని అడ్డపొగ అంటారు. మా వైపు చుట్ట తాగే ఆడవాళ్ళు లేకపోలేదు గాని, నిప్పు నోట్లో పెట్టుకుని కొడుకు పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడగలిగే మనిషిని నేను అప్పుడే చూశాను. ఎక్కడా నాలుక తడబడలేదు.

కొండల్లో గొడవలు జరుగుతున్న రోజులు కాబట్టి రాజాం దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబులు నా కాళ్ళ దగ్గరి గోనెసంచీ విప్పాడు. మూడు రెక్కల చెక్క వస్తువు చూసి ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఇదేటిది?" అన్నాడు.

నేను గొంతు సవరించుకుని, పడవ చలన సిద్ధాంతం మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే అతనికి అనుమానం పెరిగింది. ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"అమ్మోరి సక్రం నాయనా. మడి సామాను. ముట్టుకోకు" అంది.

కానిస్టేబులు చేయి వెనక్కి తీసుకుని, సంచీ మూతి తనే కట్టి, కళ్ళకు అద్దుకున్నాడు. బస్సు కదిలాక ముసలమ్మను అబద్ధం ఎందుకాడావని అడిగాను. "నువ్వు నిజం సెప్తంటే సీకటడిపోతాదని" అంది. ఆమదాలవలసలో దిగాక ఆమెకు టీ ఇప్పించాను. పావలాతో ఇద్దరం తాగాం.

బుడితి

బుడితి చిన్న ఊరే గాని కంచు, ఇత్తడి పనికి పెట్టింది పేరు. వీధిలో అడుగు పెడితే ప్రతి ఇంట్లోంచీ ఖంగు ఖంగుమని చప్పుడు. మా కాకినాడ పెళ్ళిళ్ళలో కొనే బిందెలు ఎక్కడ పుడతాయో అక్కడ తెలిసింది.

నా అచ్చు మీద మట్టి కప్పి మూస తీశారు. కొలిమిలో కంచు కరిగి ఎర్రగా పొంగింది. పోసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని అక్కడ నియమం. మాట విన్న కంచుకు బుడగలు వస్తాయట. ఇది నాకు ముందు చెప్పలేదు. సరిగ్గా కరిగిన కంచు ఉన్న మూకుడు వంచే సమయానికి నేను "కాస్త ఇటు" అన్నాను. ఇంటి ఇల్లాలు, పోత పోస్తున్న భర్త తల ఎత్తకుండా ఉండగానే, వచ్చి నా నోటి మీద చేయి అడ్డం పెట్టింది. పరాయి ఆడమనిషి అరచేతి కింద, బొగ్గు వాసన పీలుస్తూ, నా జీవితంలోకెల్లా నిశ్శబ్దమైన క్షణాలు గడిపాను.

మూస పగలగొట్టి, రెండు రోజులు ఆకురాయితో రాకి, చింతపండుతో తోమి ఎండలో పెట్టారు. ఎంత నున్నగా ఉందంటే నా మీసం కనపడింది. ఇంత అందమైన పంకా మా కార్ఖానాలో ఎన్నడూ పుట్టలేదు. మనసులో అనుకున్నదే పైకీ అన్నాను. "బిందె సేసినా ఇలగే సేస్తాం" అన్నాడు పోత పోసినాయన. ఇరుసు పట్టే చిల్లు నరసన్నపేటలో లేతు మీద తీయించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళింగపట్నం బస్సెక్కాను.

కళింగపట్నం

గురువులు బస్సు దగ్గరికే వచ్చాడు. ఆయన భార్య నూకాలమ్మ మాత్రం ఇంటి గుమ్మంలో నిలబడి నన్నూ పంకానూ మార్చి మార్చి చూసింది. ఒడ్డున చేపలు అమ్మే మనిషి, మాట తూకం వేసి పారేసినట్టు ఉంటుంది.

"బాబూ, ముందే సెప్తన్నాను. ఇది ఆడితే సరి. ఆడకపోతే మా ఆయన పరదీపు పోతాడు. పోయినోళ్ళు ఆర్నెల్లకోపాలి వస్తారు, కొంతమంది రారు. తెల్సుకొని బిగించు" అంది.

"ఆడుతుందమ్మా" అన్నాను. చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోవడానికి వేయించిన నెత్తళ్ళు పెట్టింది. ఆ మాట నమ్మిందో లేదో తెలియలేదు గాని మళ్ళీ గిన్నె నింపింది.

మర్నాడు నీళ్ళు తగ్గి పడవ ఇసుక మీద కూర్చున్నప్పుడు పాత పంకా ఊడదీసి కొత్తది బిగించాను. పళ్ళచక్రాలు మార్చాను. పని బాగా కుదిరిన ఆనందంలో దీపస్తంభం చూసి వద్దామని పోయాను. తిరిగి వచ్చేసరికి నీళ్ళెక్కి పడవ తేలుతోంది. గురువులూ అతని మనుషులూ ఏదో రహస్యంగా నవ్వుకుంటున్నారు. నా మీద గౌరవం అనుకున్నాను. అది నిజమేనని తర్వాత తెలిసింది, అదే కొంప ముంచింది.

వలలు లేకుండా, ఉత్త పడవతో, పాటు మొదలయ్యాక మొగ బయటి నుంచి లోపలికి రావాలని పరీక్ష పెట్టాం. ఊరంతా ఒడ్డున నిలబడింది. పడవ వణికింది. మలేరియా వచ్చినవాడిలా మేకులతో సహా వణికింది. పాత పంకాతో ఎంత దూరం వచ్చేదో అంత కూడా రాకుండా ఏటి నీళ్ళు మమ్మల్ని వెనక్కి నెట్టేశాయి. లంగరు వేసి పోటు దాకా పడి ఉన్నాం. ఆ ఊపుకు పడవల నక్షాలు గీసే నేను తిన్న అంబలంతా సముద్రానికి సమర్పించాను. గురువులు నా వీపు రాస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఒడ్డుకు రాగానే నూకాలమ్మ, "నరసన్నపేట బస్సు పొద్దున్నే ఉన్నాది" అంది.

నేను బస్సెక్కలేదు. నక్షా తప్పు కాదు, పోత తప్పు కాదు. ఆ రెండూ నాకు తెలుసు. తెల్లవారి పడవ మళ్ళీ ఇసుక మీద కూర్చోగానే దాని కిందికి దూరాను. నా మీసం కనపడిన కంచు మీద నల్లగా, గడ్డలు గడ్డలుగా ఏదో పేరుకుని ఉంది. ఒక రెక్క మీద మందం, ఒక రెక్క మీద పల్చన, అంచులైతే కనబడనే లేదు.

"ఎవడు చేశాడు ఈ పని?" అని అరిచాను.

"నానే బాబూ" అన్నాడు గురువులు, మెచ్చుకుంటానేమో అన్నట్టు. "గుగ్గిలం నూనెలో మరగబెట్టి రెండు పూతలేసినాను. కొత్తగా నీట్లోకి దిగిందేదైనా గుగ్గిలం తాగాల. లేపోతే పురుగట్టీదా?"

"కంచుకు పురుగేమిటయ్యా!"

"కంచో కొయ్యో, కొత్త పిల్ల కదా. పసిపిల్లకి నూని రాయకండా నీలు పోస్తామేటి?"

కోపం సగంలో ఆగిపోయింది. ఆ గుగ్గిలం పడవ మొత్తానికి సరిపడా దాచుకున్నదట. పడవ అడుగు పూత మానేసి, నా పంకాకు పూశాడు. కిరసనాయిలు, కొబ్బరిపీచు, ఇసుక పెట్టి అందరం తోమాం. అరచేతుల బొబ్బలు అప్పటివి. మధ్యాహ్నానికి మళ్ళీ మీసం కనపడింది.

మొగ దగ్గర

ఆ మర్నాడు వలలు వేసుకునే వెళ్ళాం. వంజరం చేపలు బాగా పడ్డాయి. తిరిగి వచ్చేసరికి పాటు జోరు మీద ఉంది. వానలు తగ్గినా వంశధార నీళ్ళు ఇంకా ఎర్రగానే వస్తున్నాయి. గాలి ఒడ్డు నుంచి కొడుతోంది. మొగ బయట ఆ ఊరి తెరచాప పడవలు మూడు, చాపలు దించేసి, లంగరు మీద ఊగుతున్నాయి. మేము వాటిని దాటి పోతుంటే వాటిలో వాళ్ళు లేచి నిలబడి చూశారు.

ఒడ్డున తల లేని తాడిచెట్టు ఒకటి గుర్తు పెట్టుకున్నాను. పడవ ఎర్రనీళ్ళలోకి దూరింది. వణుకు లేదు. తాడిచెట్టు నెమ్మదిగా ముందు నుంచి పక్కకు, పక్క నుంచి వెనక్కి వెళ్ళింది. మొగ దాటాం. నేను కేకలు పెట్టాను, ఎగిరాను, ఎవరినో కౌగిలించుకున్నాను, వాడి ఒంటి చేపవాసన రెండు రోజులు నన్ను వదల్లేదు. గెలిచానని ఇంత స్పష్టంగా నాకు ఎన్నడూ అనిపించలేదు.

వంజరాలు ఒడ్డుకు దించారు. కొనేవాళ్ళు సైకిళ్ళకు గంపలు కట్టుకుని తయారుగా ఉన్నారు. మిగతా పడవలేవీ రాలేదు కాబట్టి ఈ చేపలకు ఎంత ధరైనా పలుకుతుంది. నూకాలమ్మ మాత్రం చేపల మీద తడి గోనెలు కప్పి కూర్చుంది. వేలంపాట ఎత్తేవాడు బీడీ వెలిగించాడు.

"పాట ఎప్పుడమ్మా?" అన్నాను.

"మొగవతల మనోళ్ళున్నారు కదా. అందరూ ఒడ్డెక్కితేగాని పాటెత్తరు" అంది.

"ఎందుకని?"

"ఎనకబడ్డోడికి ఉత్త గంప మిగలకూడదని. మా తాతల నాటి నుంచీ అంతే."

నాకు తల తిరిగింది. ముందొచ్చినవాడికీ వెనకొచ్చినవాడికీ ఒకే పాట అయితే నా వెడల్పు రెక్కలెందుకు, పళ్ళచక్రాలెందుకు! ఈ మాట నాకు కాకినాడలో ఎవరూ చెప్పలేదేమని గురువులు కోసం చూశాను. ఆయన లావుపాటి మోకు చుట్ట భుజాన వేసుకుని మళ్ళీ పడవెక్కుతున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"ఆళ్ళని లాక్కొస్తాను. ఇంజను కొన్నప్పుడే ఊరికి మాటిచ్చినాను బాబూ. ఆ మాట నిలవకే గదా పరదీపు పోతానన్నాను. ఒకదాని తరవాతొకటి లాగుతాను."

"ఒకటొకటి ఏమిటి? నా పంకా మూడింటినీ ఒక్కసారే లాగుతుంది" అన్నాను, పడవలోకి దూకుతూ.

అన్నాను. గురువులు నా మొహం చూసి, సరే అన్నాడు.

మూడు పడవలనూ ఒకదాని వెనక ఒకటి మోకుతో కట్టాం. మొగ బయట బాగానే వచ్చాయి. ఇరుకులోకి దూరాక తాడిచెట్టు ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. ఇంజను నల్లగా పొగ కక్కింది. మోకు బిగుసుకుని నీళ్ళు పిండుతోంది. రెండు పక్కలా అలలు విరుగుతున్నాయి.

"చివరిదాన్ని వదిలేయ్! రెండైతే లాగుతుంది!" అని అరిచాను.

"ఇక్కడొదిలితే అడ్డం తిరిగి బోర్లా పడిపోతాది" అన్నాడు గురువులు, చుక్కాని వదలకుండా. "అయినా నువ్వే సెప్పు. ఏ పడవ ఒదలమంటావో ఏలెట్టి సూపించు."

వెనక్కి తిరిగాను. చివరి పడవలో నలుగురు మోకునే చూస్తున్నారు. ఒకడు నా వైపు చూసి చేయి ఊపాడు. వదిలేయమన్నది అతన్నేనని అతనికి తెలియదు. నా వేలు లేవలేదు. భయపడ్డాను. ఆ ప్రయాణం మొత్తంలో అదొక్కసారే.

వెనక్కి చూస్తూ ఉండబట్టే మా పడవ వెనక నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయని కనపడింది. చేపలు దించేసి తేలికైన పడవ వెనక భాగం పైకి లేచి ఉంది. వెడల్పు రెక్కల కొసలు నీళ్ళ పైకొచ్చి గాలిని కొడుతున్నాయి. లాగలేకపోవడం కాదు, దానికి నీళ్ళే అందడం లేదు.

"వలలన్నీ వెనక్కి! మనుషులంతా వెనక్కి!" అన్నాను.

ముందు వైపు పడి ఉన్న తడి వలలను ఈడ్చుకొచ్చి గురువులు కాళ్ళ దగ్గర పోశాం. వాటి మీద మేమంతా ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. పడవ వెనక భాగం దిగింది. నురగ ఆగిపోయింది. ఇంజను చప్పుడు మారి, బరువుగా, నిదానంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. తాడిచెట్టు కదలాలని ఇంతమంది ఒకేసారి ఎప్పుడూ కోరుకుని ఉండరు. చాలాసేపటికి అది జానెడు పక్కకు జరిగింది. తర్వాత మూరెడు. ఆ తర్వాత నేను చూడలేదు, కళ్ళలో ఉప్పునీళ్ళు పడ్డాయి. అవన్నీ సముద్రానివే కావు.

ఒడ్డున దిగాక మోకులు విప్పారు. ఆడవాళ్ళు గంపలతో నీళ్ళలోకి నడిచి వచ్చి చేపలు దించుకున్నారు. గురువులు నాతో ఏదైనా అంటాడని నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని నేరుగా భార్య దగ్గరికి పోయాడు.

"ఒసే, పరదీపుకి కట్టిన మూట ఇప్పీ" అన్నాడు.

నూకాలమ్మ చేపల మీది గోనె తీస్తోంది. "ఎప్పుడో ఇప్పీసినాను" అంది, తల ఎత్తకుండానే.

"ఎప్పుడే?"

"నువ్వు మోకట్టుకొని మళ్ళీ ఎల్లినప్పుడే."

గురువులు వంగి ఆమెతో పాటు గోనె రెండో కొస పట్టుకున్నాడు. పాట మొదలైంది.